తెల్ల గులాబీలకు లైనింగ్

నాయన పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి అమ్మ పూలమ్మే ఆవిడను మా గుమ్మం ముందు ఆగనివ్వడం లేదు. తిరుపతిలో పూలు చూడకుండా బతకాలంటే కళ్లు మూసుకుని తిరగాలి. అందుకని అమ్మ తిరగడమే మానేసింది. చంద్రగిరిలో పిన్ని మనవరాలి పెళ్లి పత్రిక వస్తే అలమరలో పెట్టేసి, "శుభమా అని పెండ్లి జేసుకుంటా ఉంటే నేనెందుకులే" అంది. నాకు ఒళ్లు మండింది. ఏ కాలంలో ఉన్నామని అరిచాను. మేనత్తతో ఫోన్లో దెబ్బలాడాను. నోరున్నదాన్ని కదా, ఇంటిల్లిపాదికీ ఉపన్యాసాలిచ్చాను. అమ్మ మాత్రం కదల్లేదు.

అరుపులతో కాని పని చేతులతో అవుతుందేమోనని, పెళ్లికి పట్టుకెళ్లడానికి ఆమెకో లేసు పర్సు అల్లుదామనుకున్నాను. అమ్మ చాలా ఏళ్లు బళ్లో కుట్టుపని టీచరు. చిన్నప్పుడు చిత్తూరులో సిస్టర్ల దగ్గర ఐరిష్ లేసు నేర్చుకుంది. నాకూ నేర్పింది, నేను శ్రద్ధగా మర్చిపోయాను. ఆ లేసులో గులాబీలూ ఆకులూ వేటికవి విడిగా అల్లాలి. లోపల లావు దారం పెట్టి దాని మీద అల్లితే రేకులు ఉబ్బుగా వస్తాయి. అన్నీ అయ్యాక ఒక గుడ్డ మీద పేర్చి టాకాలు వేసి, మధ్య ఖాళీల్లో వలలా జాలీ అల్లి కలపాలి. చివర టాకాలు విప్పి ఆ గుడ్డ తీసేయాలి.

నేను ఏడు గులాబీలను కళకళలాడేలా పైకి చూస్తూ పేర్చి టాకాలేశాను. మంచం మీద నుంచి చూసి చూసి, అమ్మ ఉండబట్టలేక లేచొచ్చింది.

"ఏందిమే అది? పూలు బోర్లా పెట్టాల. మొకం గుడ్డకల్లా ఉండాల. ఎనక నించే జాలీ అల్లాల."

"పువ్వు కనపడకుండానా?"

"ఇప్పుడు కనపడకపోతే ఏమి, విప్పినాక కనపడతాది."

టాకాలన్నీ తనే విప్పింది. ఆ వారమంతా క్రోషియా సూది నా చేతిలో కంటే ఆమె చేతిలోనే ఎక్కువ ఉంది. నా అల్లిక చూసి కోడి గీరినట్టుందని వెక్కిరించింది. ఏడాది తర్వాత అమ్మ నన్ను వెక్కిరించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకో రెండు తప్పులు కావాలనే చేశాను.

లైనింగ్ ఒక్కటే మిగిలింది. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు తెల్ల పాప్లిన్ గుడ్డ కత్తిరించి లేసు కింద పరిచాను. వచ్చి చూసింది. బీరువా తీసి కాసేపు వెతికి, పాత పట్టు రవికొకటి తెచ్చి నా ఒళ్లో వేసింది. కుంకుమ రంగు. నాయన ఉన్నప్పుడు తొడుక్కున్నది.

"మరీ ఎర్రగా లేదామ్మా?" అన్నాను. నిజంగా నేనే అన్నాను.

"తెల్లదారం కింద తెల్లగుడ్డ యేస్తే పూలు యాడ కనపడతాయి? ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసు, కానీ..."

అమ్మ పక్కన కూర్చుంది.

"నాకోసరం అందరితో కొట్లాడినావు. కత్తెర పట్టుకున్నాక నువ్వు గూడా తెల్లదే కోసినావు గదమ్మా."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. "ఊరుకోమే, పట్టుగుడ్డ మరక పడతాది" అంటూ నా తల నిమిరి, రవిక కుట్లు తనే విప్పడం మొదలెట్టింది.

సాయంత్రానికి పర్సు పూర్తయింది. జాలీ కన్నాల్లోంచి ఎరుపు కనిపిస్తుంటే గులాబీలు ఒక్కొక్కటీ తెల్లగా పైకి తేలాయి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చంకలో పెట్టుకుని, వరండాలో రెండడుగులు నడిచింది.

"చంద్రగిరికి పొద్దన్నే పోవాల్నా, మాపటికి పోతే చాలునా?" అని అడిగింది.