దేవరుప్పుల దగ్గర, రెండుసార్లు చనిపోయిన ఎల్లయ్య ఇంట్లో

అడవి పట్టినవాళ్లను లొంగదీయాలంటే వాళ్లకు అన్నం పెట్టే ఊళ్లను దండిస్తే చాలని భూపాలపల్లిలో మా మెకానిక్ షెడ్డు దగ్గర ఒకరోజు వాదన నడిచింది. నాకేదీ తేలలేదు. తోటి మెకానిక్ రాజన్న, "మా నాయినమ్మ నర్సవ్వ సాయుధ పోరాటం నాటి మనిషి. ఇప్పుడు వాళ్లన్న ఎల్లయ్య ఇంట్లనే ఉంటది. పోయి అడుగు" అన్నాడు. కాలు ఒకచోట నిలవని వాణ్ని కదా, ఆదివారమే బయలుదేరాను.

పొద్దున్నే హనుమకొండ బస్సు, అక్కడి నుంచి జనగామ, తర్వాత సూర్యాపేట బస్సెక్కి దేవరుప్పులలో దిగాను. మూడు వందల లోపే అయింది. నర్సవ్వ ఊరు అక్కడికి దగ్గరే, ఆటోలో వెళ్లాలి.

"ఎవరింటికే అన్నా?" అన్నాడు ఆటో డ్రైవర్.

"ఎల్లయ్య చెల్లె నర్సవ్వ ఇంటికి."

"సచ్చిన ఎల్లయ్యనా?"

"ఎప్పుడు సచ్చిండే?"

"రెండుసార్లు సచ్చిండు. ఏది జెప్పాలె?" అని నవ్వాడు.

నర్సవ్వ ముందుగా నాకు జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టి, తర్వాతే నోరు విప్పింది. ఆమె లంగా కట్టుకునే పిల్లగా ఉన్నప్పుడు అన్న ఎల్లయ్య దళంలో చేరాడట. నిజాం లొంగిపోయాక యూనియన్ మిలిట్రీ వచ్చి, కొడుకులు దళంలో ఉన్న ఇళ్లు మూడు తగలబెట్టి, నాలుగోదైన వీళ్ల ఇంటి ముందు ఆగింది.

"'కొడుకేడి' అని ఆంధ్ర జవాను అడిగిండు. మమ్ముల గన్న మా అవ్వకు అబద్ధం రాదు. 'పోయిండు సారూ' అన్నది."

ఇక్కడ పోయిండంటే వెళ్లాడని. కోస్తా నుంచి వచ్చిన ఆ జవాను చనిపోయాడనుకుని, అదే మాట పెద్ద సాబుకు హిందీలో చెప్పాడు. కాగడా ఆర్పేశారు.

"ఇగ బతికిపోయిండ్రు గదా అవ్వా?"

"యాడ బిడ్డా! ఊర్లెనే క్యాంపు వెట్టిండ్రు. ఆ జవానొచ్చి 'దినాలెప్పుడు' అంటడు. చెయ్యకుంటే ఇల్లు గాలుతది. మేకను గోసి, బతికున్న కొడుక్కు దినాలు జేసినం. నేనే కూర సద్ది గట్టుకొని పోయిన. జొన్నచేన్ల గూసోని మా అన్న ఆయన దినాల కూర ఆయనే తిన్నడు. 'ఉప్పు తక్కువైందే' అన్నడు గూడ!"

ఆమె కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక, ఇళ్లు కాల్చిన తర్వాత ఊరు భయపడిందా అని అడిగాను.

"భయపడ్డది. మాట్లాడుడు బంజేసింది. అన్నం వెట్టుడు బంజెయ్యలే. ఇండ్లు గాలినోళ్ల తమ్ముండ్లు గూడ మానుకోట దిక్కు అడవిల వడ్డరు. ఒక్కలు గూడ మర్రి ఇంటికి రాలే. మా అన్న ఒక్కడే దిగొచ్చి నాగలి వట్టిండు."

"ఆయనొక్కడే ఎందుకొచ్చిండు?"

"రానీకె ఇల్లుండె గద బిడ్డా."

మహబూబాబాద్‌ను మానుకోట అని పిలిచే ఈ ముసలామె చెప్పినంత సూటిగా మా షెడ్డులో ఎవరమూ చెప్పలేకపోయాం. మూడిళ్లు కాలితే అడవిలోకి మనుషులు పెరిగారు. ఒక మాట తప్పుగా అర్థమై ఇల్లు మిగిలితే ఒక మనిషి వెనక్కి వచ్చాడు. ఎల్లయ్య ఆ ఇంట్లోనే మనుమలను ఎత్తుకుని, ముసలివాడై, రెండోసారి పోయాడు. ఆ ఇంటి గోడకు ఆనుకుని కూర్చుంటే నాకు చాలా హాయిగా అనిపించింది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. జనగామలో భోజనం చేసి వెళ్లకండి. ఇంటికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టే అలవాటును ఆ ఊళ్లో మిలిట్రీయే మాన్పించలేకపోయింది, మీరు వద్దంటే వింటారా!