వార్డులో గొర్లను పిలిచిన కాటమరాజు

మా ఊరికి బస్సు తెప్పించినవాణ్ణి నేను. బడికి రేకుల కప్పు వేయించినవాణ్ణీ నేనే. అయిదో తరగతి దాకానే చదివినా, మద్రాసు ఆస్పత్రికి మనిషిని తీసుకుపోయి ప్రాణాలతో తిరిగి తెచ్చినాను. ఆ మనిషి మా గొర్లకాపరి కాటమరాజు.

అప్పటికి మా త్రిపురాంతకం పక్క ఊళ్లు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండినాయి. కాటమరాజు చుట్ట తాగే మనిషి. దగ్గితే నెత్తురు పడింది. మార్కాపురంలో ఎక్స్‌రే తీసి మద్రాసు పొమ్మన్నారు. అక్కడ కుడి ఊపిరితిత్తి పైభాగంలో, దానికి పోయే గాలిగొట్టం మొదట్లో క్యాన్సరు గడ్డ ఉందన్నారు.

"ఆ తిత్తి మొత్తం తీసేస్తాం" అన్నాడు డాక్టరు.

"తీస్తే మళ్లీ గొర్లతో కొండెక్కుతానా సారూ?"

"కష్టమే."

"అయితే వద్దు. గొర్లెనక నడవలేనోడు బతికి ఏం చేస్తాడు?"

డాక్టరు రెండు రోజులు ఆలోచించినాడు. చెడిన పైభాగాన్నీ దాని దగ్గరి గొట్టం ముక్కనూ కోసేసి, మిగిలిన గొట్టాన్ని కలిపి కుడతానన్నాడు. కింది భాగం దక్కితే కొండ దక్కినట్టే.

ఆపరేషను బాగానే అయింది. గండం తర్వాత వచ్చింది. దగ్గి కళ్లె తీయమని నర్సులు చెప్తే కాటమరాజు పెదవులు బిగించినాడు. భార్య మణెమ్మ తన కొంగు అతని నోటికి అడ్డం పెట్టింది. గొర్రెకు గాయం కుట్టినాక మా కాపర్లు మూతికి గుడ్డ కడతారు, అరిస్తే కుట్లు తెగుతాయని. ఇక్కడా అదే వైద్యం చేసినారు. జ్వరం తగిలింది.

"కళ్లె నిలిస్తే మిగిల్చిన భాగమూ చెడుతుంది" అన్నాడు డాక్టరు.

నేను మంచం దగ్గరికి పోయినాను. "ఏందిరా పడుకున్నావు? గొర్లు రెడ్డి చేన్లో పడినాయి, పిలువు."

"నవ్వించొద్దు మామా, కుట్లు తెగుతాయి."

"డాక్టరు కుట్టింది అది, నువ్వు దబ్బనంతో కుట్టింది కాదు. పిలువు!"

కాటమరాజు కుట్లున్న పక్కను చేత్తో అదుముకుని "డుర్ర్ర్... హో!" అన్నాడు. సగంలోనే దగ్గు తన్నుకొచ్చి కళ్లె పళ్లెంలో పడింది.

పక్కమంచం నెల్లూరాయన లేచి కూర్చున్నాడు. "ఇక్కడ గొర్రెలు ఎక్కడున్నాయి పెద్దాయనా?"

"నువ్వు లేచినావు కదా అల్లుడా" అన్నాడు కాటమరాజు.

మణెమ్మ మళ్లీ కొంగు అడ్డం పెట్టలేదు. రోజూ పొద్దున ఆ పిలుపు వార్డంతా వినపడేది. జ్వరం దిగింది.

చుట్ట మాన్పించింది కూడా నేనే. మణెమ్మ తానేనంటుంది. ఏడాది తిరిగేలోపు కాటమరాజు నడుమ నడుమ కూర్చుంటూ కొండెక్కినాడు. ఆ తర్వాత ఎనిమిదేండ్లు మేపినాడు. పిలుపు మాత్రం మునుపటంత దూరం వచ్చేది కాదు. పొద్దు వాలేటప్పుడు మణెమ్మ ఊరి చివరిదాకా పోయి, అది విన్నాకనే వెనక్కి వచ్చి పొయ్యి ముట్టించేది.