‘చాలు’ అనే మనిషి

కోపం ముక్కు మీద ఉండే మనుషులు వీధికొకరుంటారు. బతుకుతెరువే ముక్కు మీద ఉన్నవాడు మాత్రం ఆ కొండ మొత్తానికీ ఒక్కడే. టీ ఫ్యాక్టరీలో ఆకు మాగబెట్టే గది అతనిది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉందేమో గానీ తోటలో పిన్నా పెద్దా అందరికీ అతను ముక్కాయనే. ఎదురుగా పిలిచినా ఏమీ అనుకునేవాడు కాదు, ఉన్నమాటే కదా అనేవాడు.

అతని పని చెబితే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కోసిన ఆకుని రాత్రంతా గాలికి వాడబెడతారు. తెల్లారాక యంత్రంలో వేసి నలుపుతారు. నలిగి రసమూరిన ఆకుని చల్లటి గదిలో నున్నటి పలకల నేల మీద రెండు వేళ్ళ మందాన పరుస్తారు. అక్కడ అది గడ్డిలో పెట్టిన మామిడికాయలా మాగుతుంది. పచ్చ రంగు పోయి రాగి రంగు తిరుగుతుంది. మొదట పసరు వాసన వేస్తుంది, తరవాత కాసేపు ఏ వాసనా లేనట్టు ఊరుకుంటుంది, ఆ తరవాత అసలు వాసన పైకి లేస్తుంది. అది లేవగానే "చాలు" అనాలి. అన్న వెంటనే పారలతో ఎత్తి వేడి యంత్రంలో పోసేస్తారు, మాగడం అక్కడితో ఆగుతుంది. తొందరపడితే పచ్చి, ఆలస్యమైతే పులుపు. గడియారం చూసి చెప్పే వీలు లేదు, ఏ రోజు ఆకు ఆ రోజుదే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఒక్క మాట అనడమే అతని ఉద్యోగం. "మా ఆయన రోజు మొత్తం మీద ఆరు మాటలు మాట్లాడతాడు, ఆరూ చాలే" అని భార్య అందరికీ చెప్పి నవ్వించేది.

అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. అది మంచితనం అనుకునేరు, ఒట్టి మొండితనం. ఒకసారి పాత మేనేజరు, సరుకు కొనడానికి వచ్చినవాళ్ళని పక్కన నిలబెట్టుకుని, ఇవాళ్టిది ఎలా ఉందోయ్ అని అడిగాడు. బాగుందండీ అంటే పోయేది. పులిసిందండీ, నిన్నటిది చూపించండి అన్నాడు ఈ మహానుభావుడు. ఆ తరవాత రెండేళ్ళు ఆ మేనేజరు అతనితో మాట్లాడలేదు. ఇంట్లోనూ ఇదే వరస. కూరలో ఉప్పెక్కువైతే మొదటి ముద్దకే చెప్పేసేవాడు. భార్య కొత్త బట్టలు కట్టుకుని ముందుకొచ్చి నిలబడితే, ఆ రంగు నీకు నప్పలేదనేవాడు. "నీ నోట బాగుందన్న మాట వినకుండానే పోయేట్టున్నానయ్యా" అనేది ఆమె. నవ్వుతూనే అనేది.

ఆమె ఆకు కోసే మనిషి. పెళ్ళికి ముందునుంచీ వీపున బుట్టే. రెండాకులూ ఒక మొగ్గా, రెండాకులూ ఒక మొగ్గా, గోరు తగలకుండా వేళ్ళ చివర్లతో తుంచాలి. ఏడాదికి నాలుగు కోతలు. చలికాలమంతా నిద్రపోయిన చెట్టు మొదటి వానకి లేచి వేసే చివురు తొలి కోత. దాని టీ లేత బంగారు రంగులో ఉంటుంది, తడిసిన గడ్డి వాసన, తెల్లపూల వాసన కలిసి వేస్తుంది. ఎండలు ముదిరాక రెండో కోత. అప్పుడు చిన్న పచ్చ పురుగొకటి వచ్చి ఆకు కొరుకుతుంది, కొరికిన ఆ ఆకు మాగితే పండిన ద్రాక్ష వాసన లేస్తుంది. వానల్లో వచ్చే మూడోది బుట్ట నింపుతుంది గానీ రుచి అంతంతమాత్రం. మళ్ళీ చలి మొదలయ్యే ముందు వచ్చే నాలుగోది రాగి రంగులో నెమ్మదిగా గొంతు దిగుతుంది. పేరంతా మొదటి రెండు కోతలదే. పేరున్న ఆకు పెట్టెలకెక్కి కొండ దిగిపోతుంది. డబ్బాల మీద బుట్ట మోస్తూ నవ్వే ఆడమనిషి బొమ్మ ఒకటి వేస్తారు, ఆ తల్లి ఎవరో గానీ జన్మలో బుట్ట మోసిన మొహం కాదు. నిజంగా మోసినవాళ్ళకి నెలకోసారి దక్కేది జల్లెడ కింద రాలిన పొడి. పాలూ చక్కెరా దండిగా పోసి మరగకాస్తే అదీ టీయే.

రెండో కోత రోజుల్లో పొద్దు ఎక్కువ. సాయంత్రం ఇద్దరూ ఇంటి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆమె కాళ్ళు చాపుకుని పిక్కలు నొక్కుకుంటుంటే, ఇవాళ ద్రాక్ష లేచిందే, గది నిండా ద్రాక్షే అని అతను చెప్పేవాడు. మాటలు తక్కువ మనిషి నోట ఆ నాలుగు ముక్కలు వినడం ఆమెకి ఇష్టం. తొలి కోత రోజుల్లో మాత్రం ఇద్దరికీ మాటలుండేవి కావు. చివురు ముదిరేలోపల కోసెయ్యాలని ఆమె చీకటితోనే కొండెక్కేది, అతను నిలబడి నిలబడి ఇంటికొచ్చి తిన్న చోటే ఒరిగేవాడు. అంచేత తొలి కోత వాసన ఎలా ఉంటుందో అతను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె చెవిలో పడ్డదల్లా ద్రాక్ష.

"ఆ తొలి కోత ఒక్కసారి తాగి చూడాలయ్యా" అని ఏడాదికోసారి అడిగేది. మనకెందుకే అది అనేవాడు. ఫ్యాక్టరీలోంచి చిటికెడు ఆకు తేవడం అతని దృష్టిలో దొంగతనం. నోరు తెరిచి అడగడం అడుక్కోవడం. రెండూ చెయ్యనివాడు ఇంకేం తెచ్చిపెడతాడు? ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఒక చలికాలం ఆమె గొంతులో గడ్డ బయటపడింది. కొండ కింద ఆస్పత్రిలో డాక్టరు గడ్డ మాడిపోవడానికి ఆరు వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నాడు. రెండు వారాలు తిరిగేసరికి నాలుకకి రుచి తెలియకుండా పోతుందనీ, తరవాత వస్తే రావచ్చు, రాకపోతే లేదనీ కూడా చెప్పాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక ఆమె ఏడవలేదు.

"అయితే ఈసారి తొలి కోత తాగాకే కరెంటు పెట్టించుకుంటా" అంది.

డాక్టరు పది రోజులకి మించి ఆగడానికి వీల్లేదన్నాడు. ఆ పది రోజులూ అతను తెల్లవారగానే తూర్పు వాలుకి వెళ్ళేవాడు. ఏ ఏడైనా ముందు చివురు వేసేది అక్కడే. ఆ ఏడు చలికాలమంతా చినుకు రాలలేదు. మొగ్గలు సూదుల్లా బిగుసుకుని ఉన్నాయి. వేలితో తాకి చూసి, పైకి మబ్బు కోసం చూసి దిగొచ్చేవాడు. ఒకర్ని ఒక మాట అడిగి ఎరగనివాడు, ఆ పది రోజులూ చెట్టునీ ఆకాశాన్నీ అడిగాడు. పదో రోజున ఇద్దరూ బస్సెక్కారు.

ఆస్పత్రి వెనక సందులో గది అద్దెకి తీసుకున్నారు. ఒక మంచం, ఒక పొయ్యి, తెరిస్తే జనరేటరు మోత వినిపించే కిటికీ. అతను పనికి కొండెక్కాడు, తోడుగా ఆమె చెల్లెలు ఉంది. ఆమెదీ ఆకు కోసే పనే, నోరు మాత్రం పదిమంది పెట్టు. వారం సెలవు నాడు కొండ దిగి వచ్చే బావని చూసి, "అక్కా, నీ ముక్కు వచ్చింది" అనేది. రెండో వారం దాటేసరికి అక్క మెడ కాలిన అట్టలా నల్లబడింది. గంజి తప్ప ఏదీ దిగేది కాదు. ఉప్పు వేశావా అని చెల్లెల్ని రోజూ అడిగేది. చెల్లెలు రోజూ వేసేది.

వాన మూడో వారంలో పడింది. నాలుగో వారానికి తూర్పు వాలు అంతా లేతగా లేచింది. మొదటి రోజు ఆకుకి అతను "చాలు" అనేసి, ఎన్నడూ లేనిది మేనేజరు గది ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఈ మేనేజరు కొత్తవాడు, వయసులో చిన్న. ఒక్క కప్పుకి సరిపడా ఆకు కావాలండీ, మా ఇంటిదానికి, అని అడగడానికి అతనికి చెమటలు పోశాయి. మేనేజరు ఇంకేమీ అడక్కుండా లేచి, దోసెడు ఆకు కాయితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడడిగినా ఇచ్చేవాళ్ళమే కదండీ. ఎందుకడగలేదు?" అన్నాడు.

పొట్లం జేబులో పెట్టుకుని మాగుడు గదికి తిరిగొచ్చాడు. ముప్ఫై ఒక్క వసంతాలు. ఒక్కసారి నోరు తెరిస్తే అయ్యే పని. ఆమె నాలుక బాగున్నన్నాళ్ళూ తన పరువు కాపాడుకున్నాడు, తీరా అది పోయాక అడగడానికి వెళ్ళాడు. గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చాడు. పారలు పట్టుకున్నవాళ్ళు చూడనట్టే తలలు తిప్పుకున్నారు.

సెలవు నాడు పొట్లంతో పాటు తమ ఇంటి కొళాయి నీళ్ళు సీసాలో పట్టుకుని బస్సెక్కాడు. కింది నీళ్ళకి ఉప్పు ఎక్కువ, లేత ఆకు వాటికి తట్టుకోదు. గదిలో పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాడు. తెర్లకముందే దించి ఆకు వేసి మూత పెట్టాడు. ఆమె మంచం మీద దిండుకి ఆనుకుని అతన్నే చూస్తోంది. పాలు పొయ్యవా అని అడిగింది. దీనికి పొయ్యకూడదే అన్నాడు. గొంతు మండకుండా ఉండాలని కప్పులోకి వంచి చాలాసేపు చల్లార్చాడు. తడిసిన గడ్డి, తెల్లపూలు, ఆ గది నిండా అదే వాసన. ఆ ఏడు ఆకు ఆలస్యంగా వచ్చినా గొప్పగా వచ్చింది.

ఆమె రెండు చేతులా కప్పు పట్టుకుని ఒక గుక్క తాగింది. మింగడానికి కళ్ళు మూసుకోవలసి వచ్చింది. ఇంకో గుక్క తాగింది. అతను ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ద్రాక్ష" అంది. "పండిన ద్రాక్షేనయ్యా. నువ్వు చెప్పినట్టే ఉంది."

చెల్లెలు గిన్నెలో మిగిలింది తన గ్లాసులో పోసుకుని అప్పుడే ఒక గుక్క తాగింది. మొహం చిట్లించి, ద్రాక్షేంటి, గడ్డి వాసన కదా అనబోయిందని అతనికి తెలిసిపోయింది. మరదలి వంక చూశాడు. అంత నోరున్న మనిషీ గ్లాసు కిందపెట్టి, "అవునక్కా, ద్రాక్షే" అంది.

ఆమె చెల్లెల్ని పట్టించుకోలేదు. మొగుడి వంకే చూస్తోంది. అతని ముక్కు మీద ఆమెకున్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు.

"నిజమేనా? నాలుక పోతుందన్నాడు డాక్టరు. నాకైతే తెలుస్తోంది. నిజంగా ద్రాక్షేనా?"

"ద్రాక్షే" అన్నాడు. "సరిగ్గా చెప్పావు. బాగుంది."

పుట్టి బుద్ధెరిగాక అతను చెప్పిన మొదటి అబద్ధం అది. తొలి కోత వాసన ఎలా ఉంటుందో ఏ సాయంత్రమైనా ఆమెకి చెప్పి ఉంటే గడ్డి అనేది, తెల్లపూలు అనేది, ఆమెకి రుచి తెలుస్తోందని అతనూ నమ్మేవాడు. చెప్పలేదు కాబట్టి, మంచి టీ అంటే ఆమెకి తెలిసిన ఒకే ఒక్క మాట అంది. ఆమెకి నిజంగానే ఆ రుచి తోచిందో, అంతదూరం నీళ్ళు మోసుకొచ్చిన మనిషి మొహం చూసి అందో, ఆ సంగతి ఆమెతోనే పోయింది. కప్పు ఖాళీ చెయ్యడానికి ఆమెకి గంట పట్టింది. చుక్క మిగల్చలేదు.

కరెంటు పూర్తయ్యేలోపలే జ్వరం తగులుకుంది. ఆరో వారం మధ్యలో, పగలు, చెల్లెలు గంజి చల్లారుస్తుండగా ఆమె పోయింది. అతను కొండ మీద పనిలో ఉన్నాడు. కబురందేసరికి నేల మీద ఆకు పరిచి ఉంది. వాసన లేచేదాకా ఆగి, చాలు అని చెప్పి, అప్పుడు బస్సెక్కాడు. ఎలా ఆగగలిగావు బావా అని మరదలు నిలదీసింది. నాకూ తెలియదు అన్నాడు.

తరవాత ఎండలు ముదిరాయి. పచ్చ పురుగు వచ్చింది, ఆకు కొరికింది. రెండో కోత మొదలైన మూడో నాటి ఉదయం నేల మీద ఆకు రాగి రంగు తిరుగుతోంది. పసరు వాసన పోయింది, కాసేపు ఏమీ లేకుండా ఊరుకుంది, ఆ తరవాత గది నాలుగు మూలలనుంచీ ద్రాక్ష లేచింది. ఆమె మంచం మీద కూర్చుని రెండు చేతులా కప్పు పట్టుకుని చెప్పిన ద్రాక్ష. అతను గది మధ్యలో నిలబడ్డాడు. పనివాళ్ళు పారలు ఎత్తి పట్టుకుని అతని నోటి వంక చూస్తున్నారు.

"ఎత్తమంటావా?" అని వాళ్ళలో పెద్దవాడు అడిగాడు.

"ఉండనీ."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. ముక్కాయన మళ్ళీ ఉండనీ అన్నాడు. ఎత్తితే వేడి యంత్రంలో పడుతుంది, ఈ వాసన ఇక్కడ ఉండదు. రాగి రంగు ముదిరి గోధుమ రంగయింది. ద్రాక్ష పలచబడి, అడుగున పులుపు మొదలైంది. పారలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు వెళ్ళి మేనేజరుని పిలుచుకొచ్చాడు.

మేనేజరు వంగి గుప్పెడు ఆకు తీసి వాసన చూశాడు. నేల మీదున్నదంతా పాడైపోయింది, ఆ ఏడాదిలోకెల్లా మంచి ఆకు. కోప్పడటానికి నోరు తెరిచి, అతని మొహం చూసి గొంతు తగ్గించాడు.

"ఏమైందండీ? వాసన తెలియలేదా?"

"బాగా తెలిసిందండీ."

"మరి చాలు అనలేదేం?"

అతను ఆ నేల వంకే చూస్తూ, తప్పు ఒప్పుకుంటున్న మనిషిలా చేతులు కట్టుకున్నాడు.

"చాలలేదండీ" అన్నాడు.