చింతల కింద ఆగిన మేళం

ఈ పొద్దున కాఫీ తాగుతుంటే మా మేనకోడలు ఫోనులో ఒక పిట్ట ఫోటో పంపింది, పెద్దది చేయించి పటం కట్టిస్తానని, పలాసలో మా ఇంటి హాల్లో ఏ గోడకి తగిలిస్తే బాగుంటుందో చెప్పమని. పచ్చటి వీపు, గోధుమరంగు రొమ్ము, తోక కింద కుంకుమ రంగు, బాగా తెరిచిన ముక్కు. ఎవరు చూసినా ఎంత హాయిగా పాడుతోందో అంటారు. నాకు మాత్రం రోత పుట్టింది, ఎందుకంటే ఆ ఫోటో తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను.

పోయిన ఆదివారం సంగతి ఇది. మావారు పోయాక నేను గడప దాటడం లేదని బెంగపెట్టుకున్న ఆ పిల్ల, టెక్కలి నుంచి పనిగట్టుకుని వచ్చి, మందస దాటాక మహేంద్రగిరి వైపు పోయే అడవిబాటలో పిట్టలను చూపించే నడక ఉందంటూ నన్ను బయలుదేరదీసింది. ఎనిమిది మందిమి, ముందు ఒక గైడు. మొదటి గంట నిజంగానే బాగుంది. జీడితోటలు వెనకబడి వెదుళ్లు మొదలయ్యేసరికి మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయాను.

అప్పుడు ఆ గైడు సంచిలోంచి చిన్న స్పీకరు తీసి రాయి మీద పెట్టి, ఫోనులోంచి పిట్ట కూత వినిపించాడు. తన చోటులోకి పరాయి పిట్ట చొరబడిందనుకుని అసలు పిట్ట తరమడానికి వస్తుందట, అదీ కిటుకు. వచ్చింది పాపం, ముక్కు నిండా వానపాములతో. ముక్కున మేత ఉందంటే గూట్లో పిల్లలున్నట్టేనని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మేతంతా నేల మీద వదిలేసి, లేని శత్రువు కోసం అటూ ఇటూ గెంతుతూ అరవడం మొదలుపెట్టింది. కెమెరాలు టకటకలాడాయి. ఎగిరిపోబోతే, "ఇంకోపాలి పెడతాను, ముందుకొచ్చేత్తాది, రెడీగుండండి" అన్నాడు గైడు, ఒకటి కాదు, నాలుగుసార్లు. "అత్తా, సూడు, ఎంత బాగా పాడతందో!" అని మా పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది.

మీలో మా వైపు వాళ్లుంటే ఎరిగే ఉంటారు. ఇచ్ఛాపురం పక్కన మా పుట్టినూరికి ఏటా తొలకరికి నత్తలు తినే కొంగలు గుంపులుగా వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెట్టేవి. కిందంతా రెట్టలు, నత్తగుల్లలు, కుళ్లిన చేపల కంపు. పొరుగూరి వాళ్లు ముక్కు మూసుకుని పోయేవారు గానీ మాకు ఆ కంపు మీద ఏనాడూ ఏవగింపు కలగలేదు. మా ఊళ్లో వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలనేవారు. అవి ఉన్నన్నాళ్లూ ఆ చెట్ల దగ్గర డప్పు మోగకూడదు, టపాకాయ పేలకూడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, శ్రావణమాసంలో, నా పెళ్లి కుదిరింది. పనుల హడావిడిలో మా నాన్న ఈ సంగతి మగపెళ్లివారికి ముందుగా చెప్పడం మరిచిపోయాడు. వాళ్లేమో బరంపురం బ్యాండుతో వాయించుకుంటూ వచ్చేశారు. చింతలు ఇంకా నాలుగు బారల దూరం ఉన్నాయనగా మా నాయనమ్మ నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడింది. మా మావగారికి కోపం నసాళానికంటింది. "మేళం ఆపీసి దొంగల్లాగ రమ్మంతారేటి మమ్మల్ని? బండి తిప్పీండ్రా!" అని కేకలేశారు. నాన్న ఆయన చేతులు పట్టుకున్నాడు. నాయనమ్మ మాత్రం కదల్లేదు. "సెట్ల మీద పసిపిల్లలున్నాయి బాబూ, సప్పుడుకి బెదిరి జారి పడిపోతాయి. మీరెనక్కెల్లిపోతే మా పిల్ల రాత. మేళం మాత్తరం సెట్లు దాటినాకే" అంది.

చింతల పక్కనే ఉన్న మా ఇంట్లో, పెళ్లికూతురి ముస్తాబులో కిటికీ దగ్గర నిలబడి ఆ మాట విన్న నాకు ఆ ముసలిదాని మీద పట్టరాని కోపం వచ్చింది. చివరికి మావారే జీపు దిగి, బ్యాండువాళ్లను ఊరుకోమని సైగచేసి, చెట్ల కింద నుంచి నడిచి వచ్చారు. పట్టుపంచె మీద రెండు రెట్టలు పడ్డాయి. ఆ మరక చివరిదాకా పోలేదు, ఆ పంచె నేను పారేయనూ లేదు.

ఆ ఇంటి పిల్లనైన నేను మొన్న అడవిలో ఏం చేశాను? "ఆపు బాబూ" అన్న రెండు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ముసలమ్మ చాదస్తమనుకుంటారేమోనని, ఆశగా తీసుకొచ్చిన పిల్ల మొహం చిన్నబోతుందేమోనని మింగేశాను. టెక్కలిలో పెరిగిన దానికి చింతల సంగతి చెప్పవలసింది నేను కాదూ? పైగా గైడు దుర్భిణి ఇస్తే కళ్లకు పెట్టుకుని చూశాను కూడా. తిరిగి వస్తుంటే ఆ వానపాములు బాట మీదే ఉన్నాయి, వాటికి చీమలు పట్టాయి.

ఆ గైడుని, ఆ ఫోన్లను, ఈ కాలాన్ని నాలుగు రోజులుగా తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, నిజానికి నా అసహ్యమంతా నా మీదే. మా నాయనమ్మ మనవరాలి పెళ్లినే ఒడ్డి నిలబడింది. నేను ఒక పూట మొహమాటాన్ని కూడా వదులుకోలేకపోయాను.

మేనకోడలికి ఇంతవరకూ జవాబివ్వలేదు. అది పాట కాదమ్మా, ఏడుపు అని రాశాను, చెరిపేశాను. మళ్లీ రాస్తున్నాను.