ఎడమ బొటనవేలి మీట

వీధిలో అందరూ ఆయన్ని బొత్తాలాయన అనేవారు. చొక్కాకు కుట్టే బొత్తాలు కాదు లెండి. జేబులో పెట్టుకుని పాటలు వినే ప్లేయర్లకు ఉంటాయే, ఆ బొత్తాలు. అవి ఏ మూల ఉండాలి, ఎంత ఎత్తు లేవాలి, వేలు పడితే ఎంత లోపలికి దిగాలి, దిగినప్పుడు చప్పుడు చెయ్యాలా వద్దా, ఇవన్నీ తేల్చడమే ఆయన ఉద్యోగం. నవ్వకండి. మీ జేబులో వస్తువు మిమ్మల్ని రోజూ విసిగించడం లేదంటే, ఎక్కడో ఇలాంటి మనిషి ఒకడు దాని వెనక పడి తిండీ నిద్రా మానుకున్నాడన్నమాటే.

ఆఫీసులో ఆయన బల్ల మీద కంప్యూటరు పేరుకే ఉండేది. పనంతా మైనంతో, గరుక్కాగితంతో. నమూనా చేత్తో చేసి, నల్లగుడ్డ సంచిలో వేసి, అటుగా పోయే గుమాస్తానో, గదులు ఊడ్చే ఆవిడనో పిలిచేవాడు. "చెయ్యి లోపల పెట్టండి. చూడొద్దు. పాట మార్చండి చూద్దాం" అనేవాడు. వాళ్ళ వేలు కాస్త తడుముకుందా, ఆ నమూనా చెత్తబుట్టలోకే.

తెర పెట్టడానికి మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు. కుర్ర ఇంజనీర్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు.

"సార్, ఏ పాట వస్తోందో తెలియొద్దా?"

"చెవులున్నాయిగా. పాటకి కళ్ళెందుకయ్యా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. చివరికి ఆయన మాటే నెగ్గింది. తెరకు బదులు ఆవగింజంత దీపం వచ్చింది. పాట నడుస్తుంటే నిలకడగా వెలుగుతుంది. మధ్యలో ఆపితే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ప్లేయరు పల్చగా ఉండాలని లోపల ఒక చిన్న ముక్క కూడా తీయించేశాడు. అది లేకపోవడంతో, బ్యాటరీ పూర్తిగా అయిపోయిందంటే పాట ఎక్కడ ఆగిందో ప్లేయరు మరిచిపోతుంది. "రోజూ ఛార్జింగు పెట్టుకోలేరా ఏం, అంత బద్ధకమా?" అని అందరి నోళ్ళూ మూయించాడు.

ఆయన భార్యది ఎడమచేతి వాటం. వంటింట్లో తడిచేతులతో, చూడకుండా, పాట ఆపుకోవాలి, మళ్ళీ నడుపుకోవాలి. బజారులో దొరికేవన్నీ కుడిచేతి వాళ్ళ కోసం చేసినవే. అందుకని ఆవిడ బొటనవేలి అచ్చు మైనంలో తీసి, ఆ అచ్చుకు సరిపోయే గుంటతో ఒక్క ప్లేయరు విడిగా చేశాడు. దాని పక్కన ఒకే మీట, గుంట ఆ మీట మీదే. పైకి తోస్తే పాట, కిందికి లాగితే ఆగుడు. ఆ గుంటలో ఇంకెవరి వేలూ ఇమడదు, జారిపోతుంది. పెళ్ళాం మీద ప్రేమ నోటితో చెప్పడం చేతకానివాడు చెయ్యగలిగింది అంతే. ఆవిడ చాలా సంతోషించింది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు. ఒక చెవిలో ఇయర్‌ఫోను ఉంది, రెండోది ఒళ్ళో పడి ఉంది. ఎడమచేతిలో ప్లేయరు, దాని మీద దీపం వెలుగుతూ ఆరుతూ. ఏదో పాట సగంలో ఆపింది.

ఏ పాట? అదే తెలియదు. చూద్దామంటే తెర లేదు. విందామంటే మీట ఎలాగోలా పైకి తొయ్యాలి, తోశాడా, ఆవిడ ఆపిన చోటు దాటిపోతుంది. ఆవిడ ఈ లోకంలో చివరిసారి చేసిన పని ఆ ఆపడమే. అది పోతే ఆయనకింక ఏమీ మిగలదు. అందుకని వినలేదు. పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి రాగానే ఒకసారి ఛార్జింగు పెట్టేవాడు. బ్యాటరీ విషయంలో తను నోళ్ళు మూయించిన వాళ్ళందరూ గుర్తొచ్చి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఒంటిగాడైపోయాడని అక్క వచ్చి ఉంటోంది. మోకాళ్ళ నొప్పులు, కత్తిలాంటి నోరు, వెన్నలాంటి మనసు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది.

"ఒరే, నువ్వు ఆఫీసుకి పోయేటప్పుడు ఆ పాటల డబ్బా కట్టేసి పోరా. రోజంతా సన్నగా చెవిలో దోమలా రొద."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏ డబ్బా?"

"మా మరదలిదే. నువ్వే పెట్టి పోతున్నావనుకున్నానే! నువ్వు ఆ గది గడప తొక్కగానే ఆగిపోద్ది."

ఎంగిలి చేత్తోనే గదిలోకి పరిగెత్తాడు. ప్లేయరు ఎప్పటిలా బల్ల మీదే ఉంది. దీపం వెలుగుతోంది, ఆరుతోంది. ఎప్పుడు చూసినా అంతే కదా ఉండేది. మరి తను లేనప్పుడు?

మర్నాడు సెలవు పెట్టాడు. ప్లేయర్ని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, హాల్లో కూర్చున్నాడు. అక్క ఎదురుగా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కాసేపటికి గదిలోంచి సన్నగా, గోడ అవతల ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అక్క చేట కింద పెట్టేసింది.

ఆయన అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి గడప దాటాడు. రాగం ఠక్కున ఆగింది. తాళం తీశాడు. దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మీట మీద గుంట తడిగా ఉంది. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ చెమర్చింది. అంట్లు తోముకునే సబ్బు వాసన వేసింది.

"అక్కా, నిజం చెప్పు. నువ్వేమైనా దీన్ని..."

"నేనా? తాళంచెవి నీ జేబులో పెట్టుకుని నన్నడుగుతావేంట్రా!" అంటూ అక్క దాన్ని లాక్కుని మీట తొయ్యబోయింది. వేలు జారింది. ఇంకోసారి తోసింది, మళ్ళీ జారింది. "మా ఆయన్నే ఇంత బతిమాల్లేదు నేను. దీన్ని బతిమాలాలా?" అంది గానీ జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టేసింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పోయిందక్కా. నీ మరదలు ఆపిన చోటు ఎప్పుడో దాటిపోయింది. ఇన్నాళ్ళూ ఏం కాపాడానో ఏంటో."

అక్క మోకాలు పట్టుకుని ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

"పిచ్చాడా, మా మరదలు పాట కోసం ఆపిందనుకుంటున్నావా?" అంది. "నేను ఈ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినప్పుడల్లా చూశాను. నువ్వు గదిలోకి అడుగుపెడితే చాలు, పాట ఆపేసేది. ఒక చెవిలోది తీసేసి 'చెప్పండి' అని నీ మొహంలోకి చూసేది. నువ్వేమో 'ఏం లేదు, నువ్వు విను' అని నీ సామాను తీసుకుని పోయేవాడివి. ఎన్నేళ్ళు చూసిందిరా అలా, నువ్వేమైనా చెప్తావేమోనని!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం కూడా గరుక్కాగితం కోసం గదిలోకి వచ్చాడు. ఆవిడ తలెత్తింది. చెవిలోంచి ఒకటి తీసింది. తను ఏమన్నాడు? ఏమంటాడు, ఎప్పుడూ అనేదే అన్నాడు. ఆ పాట ఆపింది తన కోసం. అక్క ముందే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ సెలవు పెట్టాడు. ప్లేయర్ని తీసి ఆవిడ కుర్చీలో పెట్టి, రెండు ఇయర్‌ఫోనులూ పక్కపక్కన సర్ది, బయటికొచ్చి హాల్లో అటూ ఇటూ తిరిగాడు. చెప్పాల్సినవి పెదాల మీద కూడబలుక్కున్నాడు. నువ్వు పోయాక ఒక్క బొత్తం కుదరడం లేదు. సంచిలో ఎవరి చెయ్యి పెట్టించినా నీ చెయ్యే గుర్తొస్తోంది. కూర ఎలా ఉందని నువ్వడిగితే బాగుందని చెప్పాల్సింది. నువ్వంటే నాకు ప్రాణం. ఇదీ వరస.

లోపల రాగం మొదలైంది. ఆయన గడప దగ్గరికి వచ్చాడు. ఆవిడ పోయాక మొదటిసారిగా దీపం నిలకడగా వెలగడం చూశాడు. లోపలికి అడుగు పెట్టగానే మీట దానంతటదే కిందికి జరిగింది, తొందరేమీ లేకుండా. దీపం వెలిగి ఆరడం మొదలుపెట్టింది. కుర్చీలో పక్కపక్కన ఉన్న ఇయర్‌ఫోనుల్లో ఒకటి కదిలి, తీగ చివర వేలాడింది.

గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకి చూస్తున్నారు. నోరు తెరిచాడు. కూడబలుక్కున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. నాలుకకు మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే అలవాటు.

"ఏం లేదు. నువ్వు విను."

వేలాడుతున్న ఇయర్‌ఫోను మళ్ళీ కుర్చీలోకి చేరింది. మీట పైకి జరిగింది.

"కాదు, కాదు, ఉంది! చెప్పాల్సింది ఉంది!" అంటూ ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. బొత్తాల గురించి చెప్పాడు, కూర గురించి చెప్పాడు, ప్రాణమని చెప్పాడు. ఒకసారి కాదు, మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ మొదటినుంచి. గుమ్మంలో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. ఆవిడ పాట వింటోంది.