రెండోసారి వచ్చే డాక్టరు

మా నాన్న ఎఫ్రాయిమ్ కపెలోవిచ్ తొంభై మూడేళ్ళు బతికారు. అందులో నలభై ఒక్క ఏళ్ళు గ్లాస్గోలోని గోర్బల్స్ పేటలో, అంతకుముందు చేపల దుకాణంగా ఉన్న గదిలో రోగులను చూశారు. తేమ పట్టిన రోజుల్లో ఆ గోడలు ఇంకా చేపల వాసన కొట్టేవని అమ్మ అనేది. మా ఊళ్ళో తేమ పట్టని రోజులు తక్కువ.

ఆయన తండ్రి లిథువేనియా నుంచి వచ్చి టోపీలు కుట్టి బతికిన యూదుడు. రెండు గదుల్లో ఎనిమిది మంది. వంటింటి గోడలో అరలా కట్టిన పడక మీద, ఇద్దరు తమ్ముళ్ళ కాళ్ళ మధ్య కూర్చుని చదివి నాన్న డాక్టరయ్యారు. ఆసుపత్రుల్లో ఉద్యోగానికి వెళ్తే మర్యాదగా మాట్లాడి, పేరు ఇంకోసారి అడిగి, ఉత్తరం రాస్తామనేవారు. ఆ ఉత్తరాలు రాలేదు. "నా పేరు రాయడం వాళ్ళకి వచ్చుండదులే" అని నవ్వేసి, ఆయన ఆ గది అద్దెకు తీసుకున్నారు.

అమ్మ బ్లూమా, రొట్టెల బట్టీ యజమాని కూతురు. వేలు కాలితే కట్టు కట్టించుకోవడానికి వచ్చింది. మూడు రోజుల్లో మానాల్సిన వేలు మూడు వారాలైనా మానలేదు. "నీకు కట్టు కట్టడం రాదా, లేక మా పిల్ల రోజూ కొత్తగా కాల్చుకుంటోందా?" అని తాతయ్య వచ్చి నిలదీశాడట. ఆ వేసవిలోనే పెళ్ళయింది. మేం ముగ్గురం పుట్టాం. అన్నకూ చెల్లెలికీ నడిమిదాన్ని నేను, నా పేరు థెల్మా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పందొమ్మిది వందల నలభై ఏడు చలికాలంలో, నోరా గిల్‌హూలీ అనే ఐరిష్ ఆవిడ నాలుగేళ్ళ కూతురు ఊనాను ఎత్తుకుని నాన్న దగ్గరికి వచ్చింది. కడుపునొప్పి, వాంతులు. ఆ వారం పేటంతా వాంతులే. గది బయట మంచులో కూడా జనం నిలబడి ఉన్నారు. నాన్న పిల్ల పొట్ట నొక్కి చూసి, మందిచ్చి పంపేశారు. మర్నాటికి అపెండిక్స్ పగిలింది. ఆసుపత్రికి చేర్చినా పిల్ల దక్కలేదు.

ఆయన్ను ఎవరూ తప్పు పట్టలేదు. ఆ వారం మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆయనే అన్నారు: "నేను సరిగ్గా చూడలేదు. వాళ్ళింటికెళ్ళి చెప్తాను."

తాతయ్య చేతిలోని రొట్టె కింద పెట్టేశాడు. "నీకేమైనా మతి పోయిందా అల్లుడూ? నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా? నువ్వెళ్ళి నోరు విప్పావంటే 'కపెలోవిచ్ తప్పు చేశాడు' అనరు. 'యూదు డాక్టరు మా పిల్లని చంపేశాడు' అంటారు. ఆ మాట ఎక్కడిదాకా పోతుందో మేం వదిలేసి పారిపోయొచ్చిన ఊళ్ళో నేను కళ్ళారా చూశాను."

"తెలుసు మావయ్యా."

"తెలిసే వెళ్తావా?"

"థెల్మాకే ఆ నొప్పొస్తే సాయంత్రం ఇంకోసారి చూసేవాణ్ణి. ఆవిడ కూతుర్ని చూడలేదు. అది ఆవిడకి తెలియాలి."

అమ్మ లేచి ఆయన కోటు తెచ్చి ఇచ్చింది.

నోరా భర్త గిల్‌హూలీ రేవులో బరువులు మోసే మనిషి. మొత్తం విని నాన్నను కొట్టాడు. పెదవి చిట్లి ఇంటికొచ్చిన నాన్న, అడిగినవాళ్ళందరికీ మంచులో జారిపడ్డానని చెప్పారు. ఆ ఒక్క అబద్ధం ఆయన హాయిగా ఆడారు. అయినా సంగతి పాకింది. మా కిటికీ అద్దం ఎవరో పగలగొట్టారు. గిల్‌హూలీ వాళ్ళ వీధివాళ్ళు రావడం మానేశారు. తాతయ్య చెప్పినట్టే జరిగింది. 'చెప్పానా?' అని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు. అద్దం తనే బిగించాడు.

మా పస్కా పండుగ వెళ్ళిన వారం, నోరా దగ్గుతున్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ ఊరుకోలేదు. "ఇంకా ఈయన దగ్గరికేనా, నోరా?"

"మిగతా డాక్టర్లు ఏమేం తప్పులు చేశారో నాకు తెలీదు. ఈయన చేసింది నాకు తెలుసు" అంది నోరా.

లోపలికెళ్ళి నాన్నతో ఒకటే మాట చెప్పింది. "వీణ్ణి ఇప్పుడు చూడండి. సాయంత్రం మా ఇంటికొచ్చి మళ్ళీ చూడండి."

"వస్తానమ్మా" అన్నారు నాన్న.

అప్పటినుంచి ఎవరి పిల్లలకు జబ్బు చేసినా ఆయన అదే రోజు రెండోసారి వెళ్ళేవారు. శుక్రవారం సాయంత్రం, మా విశ్రాంతి దినమైన సబ్బాతు దీపాలు వెలిగించాక బయల్దేరాల్సి వచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ రోజున మేం వాహనం ఎక్కకూడదు, ప్రాణం మీదికొస్తే మాత్రం కారెక్కవచ్చని మా మతగురువు రబ్బీ చెప్పారు. కడుపునొప్పి ప్రాణం మీదికొచ్చినట్టా, కాదా అని తాతయ్య వాదన. వాదన తేలేలోగా నాన్న నడిచి వెళ్ళి వచ్చేసేవారు. సూప్ చల్లారిపోయేది.

పదహారేళ్ళప్పుడు నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఊళ్ళో పిల్లలందరూ నీకు కనిపిస్తారు నాన్నా, మేం తప్ప!"

మర్నాడు సాయంత్రం ఆయన గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటూ, "తోడొస్తావా?" అన్నారు. ముఖం మాడ్చుకునే వెళ్ళాను. ఆ తర్వాత రెండేళ్ళు వారంలో నాలుగు రోజులు ఆయనతో రోగుల ఇళ్ళ మెట్లన్నీ ఎక్కాను. నేను చదివిన పుస్తకాలు, అమ్మతో నా గొడవలు, నాకు నచ్చిన కుర్రాడు, అన్నీ ఆ నడకల్లోనే ఆయనకు తెలిశాయి. మా అన్నకూ చెల్లెలికీ ఆ నడకలు దొరకలేదు. వాళ్ళకు ఆయన మీద ఉన్న అలక నాకు అర్థమవుతుంది.

తర్వాత ఆ పాత ఇళ్ళు కూల్చేశారు. పేటవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఆయన వైద్యం మానేసి, ఊరికి దక్షిణాన మా ఇంటి దగ్గర్లో ఉన్నారు. అమ్మ పోయాక డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో వంట నేర్చుకున్నారు. ఉల్లిపాయ ఏ రంగు వచ్చేదాకా వేయించాలో ఫోన్ చేసి అడిగేవారు.

నోరా పోయినప్పుడు ఆయన చర్చికి వెళ్ళి వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డారు. ప్రార్థన చోట టోపీ తీయడం మా పద్ధతి కాదు, పెట్టుకోవడం వాళ్ళ పద్ధతి కాదు. ఆయన తటపటాయిస్తుంటే నోరా కొడుకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "టోపీ ఉండనివ్వండి డాక్టరు గారూ. అమ్మకి మీరు అలాగే తెలుసు" అంటూ తీసుకెళ్ళి తమ కుటుంబం మధ్య కూర్చోబెట్టాడు.

చివరి చలికాలంలో ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను. "నాన్నా, ఆ పాప విషయంలో నిన్ను నువ్వు క్షమించుకున్నావా?"

"ఈ నెలకి దానికి అరవై ఒకటి నిండేవి" అన్నారు. తర్వాత టీ అడిగారు.

మార్చిలో, ఒక బుధవారం పొద్దున, నిద్రలో పోయారు. మా ఆచారం ప్రకారం మర్నాడే మట్టి చేశాం. ముందు అన్న, తర్వాత నేను, చెల్లెలు పారతో మట్టి వేశాం. అన్న ప్రార్థన చదువుతూ మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోతే చెల్లెలు అందుకుని పూర్తి చేసింది.