అక్క పిస్టల్, అక్క వేలు

మా అక్కకి కోపమొస్తే నోరు మూసుకుంటుంది. నాకొస్తే మూతపడదు. టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని అక్కావాళ్ల గరాజ్‌లో ఆ చలికాలమంతా అలాగే గడిచింది. తను మాట్లాడకుండా పిస్టల్‌తో కుస్తీ పడుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని నేను వాగుతూ ఉండేదాన్ని. 2010 ప్రాంతం. అక్క మెకానికల్ ఇంజనీరు, నేను ప్లేనోలో పళ్ల డాక్టర్ని.

అక్క ఆదివారాలు క్లబ్బులో కాగితం టార్గెట్ మీద గురి పోటీలకి వెళ్లేది. మణికట్టులో నరం నొక్కుకుపోయి ఆపరేషన్ చేయించుకున్నాక, కుడి చూపుడు వేలు సగం మొద్దుబారింది. షాపులో కొన్న పిస్టల్ ట్రిగ్గర్ ఎంతవరకు వచ్చిందో ఆ వేలికి తెలిసేది కాదు. "రెడీమేడ్ జాకెట్టు నప్పకపోతే కుట్టించుకోమా?" అంటూ విడిభాగాలు తెప్పించి, తన చేతికి సరిపోయే పిస్టల్ తనే తయారు చేసుకోవడం మొదలుపెట్టింది.

ట్రిగ్గర్ సర్దడమే పెద్ద యజ్ఞమైంది. లోపల రెండు ఉక్కు ముక్కలు అంచు మీద అంచు ఆనుకుని ఉంటాయి. నొక్కితే ఆ అంచు జారాలి. మరీ తేలికైతే ప్రమాదం, మరీ బిగువైతే అక్క వేలు వణికేది. స్క్రూని కాస్త తిప్పి, ఖాళీ పిస్టల్‌తో పరీక్షించి, మళ్లీ కాస్త తిప్పేది. నేనైతే రెండో రోజే సుత్తి అందుకునేదాన్ని. దసరా ముందు ఎట్టకేలకు కుదిరింది. ఆ వేలికి ట్రిగ్గర్ తెలిసిందని అక్క ఫోన్ చేసి చెప్పినప్పుడు, క్లినిక్‌లో పేషంటుని నోరు తెరిపించి ఉంచి మరీ విన్నాను.

పండగ అయిన కొన్ని వారాలకి పేచీ మొదలైంది. ట్రిగ్గర్ ఒకసారి వెన్నలా వచ్చేది, ఇంకోసారి సగంలో పట్టేసేది. గుళ్లు ఎక్కడెక్కడికో పోయేవి. "పిస్టల్‌కేం కాలేదే. నా వేలే చచ్చింది" అని తేల్చేసింది అక్క. ఇంకో నెల చూసి మొత్తం అమ్మేస్తానంది. ఉత్తినే అనే మనిషి కాదు. క్లబ్బులో కాల్పులు జరిపే రేంజ్ నుంచి వచ్చేటప్పుడు దారంతా నాకు ఫోన్‌లో ఆ వేలిని తిట్టేది. "దరిద్రపు వేలు, గరిటె తిప్పడానికి తప్ప దేనికీ పనికిరాదు" అనేది.

బావ పాపం సాయం చేద్దామనుకున్నాడు. "స్క్రూ కొంచెం లూజ్ చేస్తే పోదా?"

"ఏది పాడైందో తెలీకుండా అడ్జస్ట్ చేసేస్తే, రేపది దానంతటది పేలితే ఎవరండీ దిక్కు?" అంది అక్క.

నేను పిస్టల్ తీసుకుని, ఖాళీగా ఉందో లేదో అక్క నేర్పినట్టే చూసి, గోడవైపు పెట్టి నొక్కాను. సగంలో పట్టేసింది. "నాకూ పట్టేస్తోందే" అన్నాను.

"నన్ను ఓదార్చకు."

"నీ మొహం, ఓదార్చడానికి నాకేం పని? పొద్దస్తమానం జనం నోట్లో వేలు పెట్టి బతికేదాన్ని. నా వేలికి తెలీదా?"

"సరే, నీ వేలూ వద్దు, నా వేలూ వద్దు" అని అక్క లేచింది. పాత చీరముక్క చుట్టి, పిస్టల్‌ని బల్లకున్న ఇనుప బిగింపులో బిగించింది. క్లబ్బులో తనిఖీకి చేసినట్టు, ట్రిగ్గర్‌కి కొక్కెంతో బరువు వేలాడదీసింది. ఒకసారి ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కొచ్చి టక్కుమంది. మళ్లీ తగిలిస్తే అదే బరువుకి కదలనే లేదు. ఇంకోసారి సగంలో ఆగింది. ఆ ఇనుప ముక్కకి నరాలూ లేవు, ఆపరేషనూ కాలేదు. అక్క నన్ను లేపి నా స్టూలు మీద కూలబడింది.

పిస్టల్ విప్పాం. పళ్లు చూసే భూతద్దాలు పెట్టుకుని వంగాను. ఆ రెండు ఉక్కు అంచుల మధ్య ఎర్రటి ముద్ద ఉంది. సూదితో తీసి వాసన చూస్తే గంధం, కుంకుమ.

దసరా ఆయుధపూజకి అక్క గరాజ్‌లో దేన్నీ వదలదు. కారుకి, డ్రిల్లుకి, గడ్డి కోసే మిషన్‌కి కూడా బొట్టు పెడుతుంది. ఆ ఏడు కొత్త పిస్టల్‌కి అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది, సరిగ్గా ట్రిగ్గర్ పైన. అది ఎండి రాలి, తను వేసిన నూనెలో కలిసి లోపలికి దిగింది. "అయితే అమ్మవారు లోపలికెళ్లి కూర్చుందన్నమాట" అని బావ పడీపడీ నవ్వాడు. అక్క నవ్వలేదు.

ముక్కముక్కా కడిగి, తుడిచి, మళ్లీ బిగించింది. స్క్రూ జోలికి పోలేదు. బరువు ఎన్నిసార్లు తగిలించినా ట్రిగ్గర్ ఒకేలా టక్కుమంది. అన్ని వారాల్లో ఒక్కసారి విసుగొచ్చి స్క్రూ వదులు చేసి ఉంటే, ఆ మురికి పోయిన రోజున పిస్టల్ ముట్టుకుంటే పేలేది. నేనైతే కచ్చితంగా చేసేదాన్ని. నమ్మకం పోయిన చేత్తో కూడా అంత ఓర్పుగా పనిచేసిన మా అక్కని చూస్తే నాకు గర్వమేసింది.

ఆ ఆదివారం రేంజ్‌కి నేనూ వెళ్లాను. టార్గెట్ వెనక్కి తెప్పిస్తే చిల్లులన్నీ నడిమి నల్లటి చుక్కలోనే ఉన్నాయి, అంచున ఒక్కటి తప్ప. అక్క పిస్టల్ ఖాళీ చేసి, సర్ది, చేతులు శుభ్రంగా కడుక్కుని బయటికి నడిచింది. పార్కింగ్‌లో కారు తలుపు తీయకుండా నిలబడిపోయింది.

"దీన్ని ఎన్నేసి మాటలన్నానే" అంది.

పొరపాటున కాలు తగిలిన పుస్తకాన్ని అద్దుకున్నట్టు, ఎడమచేత్తో ఆ చూపుడు వేలిని పట్టుకుని రెండు కళ్లకీ అద్దుకుంది.